నల్లగొండలో పాత స్నానాల గదికి గాజు షవర్ ఎన్‌క్లోజర్: తలుపు పెట్టించాలా, ఒక్క గాజు పలక చాలా?

ప్రశ్న (రామగిరి, నల్లగొండ)

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ రామగిరిలో మా మామగారు కట్టించిన పాత ఇల్లు. కింది అంతస్తులో పడకగదిని ఆనుకొని ఉన్న స్నానాల గదిని ఈసారి పూర్తిగా విప్పించి మళ్లీ కట్టించాలని నిర్ణయించుకున్నాము. గది వెడల్పు 5 అడుగులు, పొడవు 8 అడుగులు. తలుపు వెడల్పు వైపు గోడలో ఉన్నది. లోపలికి వెళ్లగానే ఎడమ గోడకు మొదట వాష్ బేసిన్, తర్వాత కమోడ్ వస్తాయి. చివరి 3 అడుగుల భాగం స్నానానికి వదిలిపెట్టాము. చివరి గోడకు పైభాగంలో చిన్న కిటికీ ఉన్నది. కుడి గోడ నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, మిగిలినవి తొమ్మిది అంగుళాల గోడలు.

ఇప్పుడు ఎవరు స్నానం చేసినా గది మొత్తం తడిసిపోతున్నది. మా అత్తమ్మ రాత్రిపూట కమోడ్ కోసం లేచినప్పుడు ఆ తడి నేల మీద జారిపడతారేమోనని మాకు ఎప్పుడూ భయమే. అందుకే తడి భాగాన్ని, పొడి భాగాన్ని గాజుతో వేరు చేయాలని అనుకుంటున్నాము. మూడు దుకాణాల్లో అడిగితే మూడు రకాలుగా చెప్పారు. ఒకరు పక్కకు జరిగే స్లైడింగ్ తలుపు, 8 మిల్లీమీటర్ల గాజు చాలన్నారు. ఇంకొకరు కీలు తలుపుతో 10 మిల్లీమీటర్ల గాజే వేయించాలన్నారు. మూడో ఆయన తలుపే వద్దు, ఒక గాజు పలక నిలబెడితే సరిపోతుందన్నారు.

మరో రెండు విషయాలు కూడా చెప్పాలి. పట్టణ కుళాయిల్లో వచ్చే కృష్ణా నీరు, మా బోరు నీరు రెండూ మా పైట్యాంకులో కలుస్తాయి. కుళాయిల మీద తెల్లటి పొర పేరుకుంటుంది. దానికి కారణం మన ప్రాంతపు ఫ్లోరైడేనని ఒకరు చెప్పారు, అది నిజమేనా? రెండవది, మేము షవరు కింద స్నానం చేస్తాము గానీ అత్తమ్మ మాత్రం పీట మీద కూర్చొని, బకెట్లో వేడినీళ్లు పెట్టుకొని స్నానం చేస్తారు. ఇద్దరికీ పనికివచ్చే ఏర్పాటు ఏదో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (మహబూబ్‌నగర్, ఇళ్ల మరమ్మతు పనులు చేయించేవాడిని)

నమస్కారం అమ్మా. మీరు అడిగినది గాజు గురించే అయినా, నేను నేల వాటంతో మొదలుపెడతాను. గాజు ఎంత ఖరీదుదైనా, నేల వాటం సరిగా లేకపోతే నీరు దాని కింద నుంచే పొడి భాగంలోకి వస్తుంది. గది మొత్తానికి ఒక్కటే నహాని ట్రాప్ (నేల మీది నీరు బయటికి పోయే జాలీ గుంట) ఉండడం పాత ఇళ్లలో మామూలే. మీ ఇంట్లో అది కమోడ్ పక్కన ఉన్నట్లయితే, షవరు నీరంతా గాజు కింద నుంచి అక్కడిదాకా పారవలసి వస్తుంది. కాబట్టి ముందుగా స్నానపు భాగంలోనే, చివరి గోడ వైపు మరొక నహాని ట్రాప్ పెట్టించండి. స్నానపు భాగంలో నేల ఆ ట్రాప్ వైపే వాలాలి. 4 అడుగుల దూరానికి అర అంగుళానికి తక్కువ కాకుండా వాటం ఉండేలా మేస్త్రీతో రసమట్టం పెట్టించి చూసుకోండి. టైల్స్ పరిచిన తర్వాత, గాజు కొలతలకు మనిషిని పిలవకముందే, ఒక బకెట్ నీళ్లు మీరు గాజు నిలబెట్టబోయే గీత దగ్గర పోసి చూడండి. నీరు వెనక్కి ట్రాప్ వైపు వెళ్లిపోతే పని సరిగా జరిగినట్లే. గీత దాటి కమోడ్ వైపు వస్తే మాత్రం ఆ టైల్స్ తీయించి మళ్లీ వేయించవలసిందే. సిలికాన్ పూసి సరిచేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

టైల్స్ కింద వాటర్‌ప్రూఫింగ్ పూత రెండు పొరలుగా వేయించి, ట్రాప్ మూసి, రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూడండి. స్నానపు భాగంలో గోడలకు కూడా కనీసం 6 అడుగుల ఎత్తు వరకు ఆ పూత వేయించాలి.

ఇక మీ గది కొలతలకు ఏది సరిపోతుందో చూద్దాం. 5 అడుగుల వెడల్పులో స్లైడింగ్ పెడితే సగం గాజు కదలకుండా ఉంటుంది, మిగతా సగం దాని మీదికి జరుగుతుంది. రెండు గాజులు ఒకదానిపై ఒకటి కొంత కప్పుకోవాలి, పిడికి కొంత చోటు పోతుంది, కాబట్టి లోపలికి వెళ్లే దారి 2 అడుగులకు కొంచెం మాత్రమే ఎక్కువగా మిగులుతుంది. స్లైడింగ్ వల్ల బయట తలుపు తిరిగే చోటు అక్కరలేదు, అది నిజమే. అయితే కింద ఉండే పట్టాలో సబ్బు, వెంట్రుకలు, సున్నపు పొర పేరుకుపోతాయి. బోరు నీళ్లు వాడే ఇంట్లో ఆ పట్టాను, చక్రాలను శుభ్రంగా ఉంచడం చాలా కష్టమైన పని.

కీలు తలుపు మీ గదిలో ఇముడుతుంది. కమోడ్ గోడ నుంచి సుమారు 2 అడుగుల 3 అంగుళాలు ముందుకు వస్తుందనుకుంటే, దాని ముందు నుంచి కుడి గోడ వరకు 2 అడుగుల 9 అంగుళాలు మిగులుతాయి. కుడి గోడకు కీళ్లు పెట్టి, 2 అడుగుల 3 అంగుళాల తలుపును బయటికి తెరుచుకునేలా చేస్తే అది కమోడ్‌కు తగలకుండా కుడి గోడకు ఆనుకుంటుంది. తలుపు బయటికి తెరుచుకోవడమే మంచిది. లోపల ఎవరైనా పడిపోయినప్పుడు లోపలికి తెరుచుకునే తలుపు మనిషికే అడ్డుపడి తెరుచుకోదు. పెద్దవారు ఉన్న ఇంట్లో ఈ ఒక్క విషయంలో మాత్రం రాజీపడవద్దు.

అయితే ఆ తలుపు బరువు కూడా లెక్కలోకి తీసుకోవాలి. గాజు చదరపు మీటరుకు, ఒక్కో మిల్లీమీటరు మందానికి, రెండున్నర కిలోలు తూగుతుంది. 2 అడుగుల 3 అంగుళాల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తు ఉన్న తలుపు 8 మిల్లీమీటర్లదైతే సుమారు 27 కిలోలు, 10 మిల్లీమీటర్లదైతే సుమారు 34 కిలోలు ఉంటుంది. ఆ బరువంతా మీ నాలుగున్నర అంగుళాల గోడకు బిగించిన రెండు కీళ్ల మీద వేలాడుతుంది. ఇటుక గట్టిగా ఉండి, టైల్ వెనక బోలు లేకుండా సిమెంటు నిండుగా ఉంటే ఆ గోడ మోస్తుంది. వేలి కణుపుతో టైల్ మీద కొట్టి చూడండి. బోలు శబ్దం వచ్చిన చోట కీలు పెట్టనివ్వకండి.

నన్ను అడిగితే మూడో ఆయన చెప్పిందే మీ ఇంటికి సరైనది. ఎడమ గోడ నుంచి కమోడ్ వైపు 2 అడుగుల 9 అంగుళాల గాజు పలక ఒక్కటి నిలబెట్టి, మిగిలిన 2 అడుగుల 3 అంగుళాలు తెరిచి ఉంచండి. షవరును చివరి గోడకు పెట్టవద్దు, ఎందుకంటే అప్పుడు ధార నేరుగా తెరిచి ఉన్న వైపు వస్తుంది. ఎడమ గోడకు, గాజు పలక చాటున పెడితే తుంపర ఎక్కువ భాగం లోపలే పడుతుంది. కొద్దిగా బయటికి వచ్చినా, పొడి భాగపు నేలకు కూడా స్నానపు భాగం వైపు స్వల్పంగా వాటం ఇప్పిస్తే ఆ నీరు నిలవదు. కదలని గాజు కాబట్టి 8 మిల్లీమీటర్లు కూడా సరిపోతుంది. అయితే ఒక వైపు మాత్రమే గోడ పట్టు ఉంటుంది కనుక పైన గాజు నుంచి ఎదురు గోడకు ఒక స్టీలు కడ్డీ తప్పక బిగించాలి. కడ్డీ లేకుండా కావాలనుకుంటే 10 మిల్లీమీటర్లకు వెళ్లాలి. అప్పుడు కూడా నేను కడ్డీ వేయిస్తాను.

జవాబు (మిర్యాలగూడ)

మా ఇంట్లో బోరు నీళ్లతోనే గాజు ఎన్‌క్లోజర్ వాడుతున్నాము కాబట్టి నీటి గురించి నేను చెబుతాను. ఆ తెల్లటి పొరకు కారణం ఫ్లోరైడ్ కాదు, నీటి కఠినత్వం. నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీరు ఆరిపోయినప్పుడు, వేడెక్కినప్పుడు గట్టిపడి పొరగా మిగులుతాయి. ఫ్లోరైడ్ ఉన్న నీటిని చూసి గుర్తుపట్టలేము, దానికి రంగూ ఉండదు, మరకా పడదు. తాగే నీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీటి వనరు లేనప్పుడు గరిష్ఠంగా 1.5 మిల్లీగ్రాములు ఉండవచ్చు. కఠినత్వానికి ఆ అంకెలు 200, 600 మిల్లీగ్రాములు. నీళ్ల ఫిల్టర్ అమ్మేవారు చేతిలో పెట్టుకొని చూపించే టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం లవణాలు) మీటరు ఈ రెండింటిలో దేనినీ విడిగా చెప్పదు. కాబట్టి పైట్యాంకు నీటిని ఒకసారి ప్రయోగశాలలో కఠినత్వం కోసం పరీక్ష చేయించి, ఆ తర్వాత గాజు సంగతి తేల్చుకోవడం మంచిది.

గాజు మీద ఒక్క చుక్క ఆరిపోయిన చోటును దగ్గరగా చూడండి. మధ్యలో పలుచగా, అంచు చుట్టూ మందంగా ఒక తెల్లటి వలయం కనిపిస్తుంది. అప్పుడే తుడిస్తే తడిగుడ్డకే పోతుంది. అదే చోట రోజూ కొత్త చుక్కలు ఆరుతూ, వాటికి సబ్బు జిడ్డు తోడైతే వేలితో రుద్దినప్పుడు గరుకుగా తగిలే పొర అవుతుంది. నెలల తరబడి వదిలేస్తే గాజు ఉపరితలమే మసకబారి, ఏం పెట్టి రుద్దినా మునుపటి మెరుపు రాదు. అందుకే మా ఇంట్లో స్నానం అయిన వెంటనే రబ్బరు వైపర్‌తో పై నుంచి కిందికి లాగడం అందరికీ అలవాటు చేశాము, పిల్లలకు కూడా. ఆ వైపర్ లోపలే కొక్కేనికి వేలాడుతూ ఉండాలి, బయట పెడితే ఎవరూ తీసుకోరు.

పేరుకున్న పొరకు వంటకు వాడే వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి గాని, నిమ్మ ఉప్పును గోరువెచ్చని నీళ్లలో కరిగించి గాని గుడ్డతో అద్ది, కొద్దిసేపు ఆగి కడగాలి. మరుగుదొడ్డి కడిగే ఘాటు యాసిడ్‌ను గాజు మీదికి గాని, స్టీలు కీళ్ల మీదికి గాని తేవద్దు. అది క్రోమ్ పూతను తినేస్తుంది, స్టీలు మీద చుక్కలు చుక్కలుగా తుప్పు తెప్పిస్తుంది. నేలకు పాలరాయి గాని, తాండూరు బండ గాని వేయిస్తే వెనిగర్, నిమ్మ ఉప్పు కూడా దాని మీద పడకూడదు, ఎందుకంటే అవి రెండూ సున్నపు జాతి రాళ్లే, పులుపుకు కరుగుతాయి. గ్రానైట్‌కు, పింగాణీ టైల్స్‌కు ఆ భయం లేదు.

గాజుకు నీరు అంటని పూత వేస్తామని దుకాణంవారు చెబుతారు. అది పనిచేస్తుంది, చుక్కలు జారిపోతాయి. కానీ కాలక్రమంలో అరిగిపోతుంది కాబట్టి మళ్లీ వేయించుకోవాలి, దాని మీద గరుకు పీచు వాడకూడదు. నీటిని మెత్తబరిచే సాఫ్ట్‌నర్ యంత్రం పెట్టించుకుంటే పొర బాగా తగ్గుతుంది. అయితే అది ఉప్పుతో పనిచేసే యంత్రం, కాల్షియాన్ని తీసి దాని బదులు సోడియాన్ని ఇస్తుంది, ఫ్లోరైడ్‌ను తీయదు. సాఫ్ట్‌నర్ పెట్టించాము కదా అని ఆ నీళ్లు తాగే పొరపాటు మన జిల్లాలో ఎవరూ చేయకూడదని గట్టిగా చెబుతున్నాను.

మీకు నా సలహా కూడా తలుపు లేని గాజు పలకే. గాజు ఎంత తక్కువగా ఉంటే తుడవవలసినది అంత తక్కువ. కీళ్లు, రబ్బరు పట్టీలు, చక్రాలు ఉన్న ప్రతిచోటా మురికి నిలుస్తుంది.

జవాబు (దేవరకొండ)

అమ్మా, మీ అత్తమ్మ స్నానం గురించి పైన ఎవరూ పూర్తిగా చెప్పలేదు. మా నాయనమ్మను చూసుకుంటున్న అనుభవంతో రాస్తున్నాను. పీట, బకెట్, పక్కన నీళ్లు పోసే మనిషి, ఈ మూడింటికీ స్థలం కావాలి. మీ 5 అడుగులు, 3 అడుగుల భాగం అందుకు సరిపోతుంది. కానీ దారి 2 అడుగులే ఉంటే పెద్దావిడను చేయి పట్టుకొని పక్కపక్కన నడిపించుకొని వెళ్లలేరు, మీరు వెనకో ముందో ఉండాలి. దారి 2 అడుగుల 9 అంగుళాలు చేసి, గాజు 2 అడుగుల 3 అంగుళాలకు తగ్గించండి. కొంత తుంపర బయటికి వస్తే రానివ్వండి.

గాజు కింద గ్రానైట్ పట్టీ పెడతారు. గాజు ఉన్నంత మేర అది అంగుళం ఎత్తు ఉన్నా ఫరవాలేదు, నడిచే దారిలో మాత్రం వద్దు, పెద్దవారు కాలు ఎత్తడం మరిచి దానికే తట్టుకుంటారు. చేయి పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు రెండు పెట్టించండి, ఒకటి దారి పక్కన కుడి గోడకు, ఒకటి పీట వేసే చోట. నేల నుంచి సుమారు 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో, ఇటుకలోకి దిగే బోల్టులతో బిగించాలి. తువాలు వేసే కడ్డీని గాని, గాజుకు ఉన్న పిడిని గాని పట్టుకొని లేవడం అలవాటైతే ఏదో ఒకరోజు అది ఊడి వస్తుంది.

అసలు గాజే అక్కరలేదనేది నా అభిప్రాయం. కమోడ్ వైపు 4 అడుగుల ఎత్తు అర గోడ కట్టి, రెండు వైపులా టైల్స్ వేయించి, పైన పరదా వేసుకుంటే ఖర్చు చాలా తగ్గుతుంది, కూర్చొని చేసే స్నానానికి అది పూర్తిగా చాలు. అర గోడ టైల్స్‌తో కలిపి ఆరు అంగుళాల చోటు తింటుంది, అది ఒక్కటే లోటు.

ప్రశ్న అడిగినవారు (రామగిరి, నల్లగొండ)

అందరికీ ధన్యవాదాలు. అర గోడ ఆలోచన గురించి ఇంట్లో మాట్లాడాము. గది అసలే ఇరుకు, గోడ లేస్తే కిటికీ వెలుతురు కమోడ్ వైపు రాదని మావారు అంటున్నారు, నాకూ అదే అనిపించింది. కాబట్టి 2 అడుగుల 3 అంగుళాల గాజు పలక, తలుపు లేకుండా, దారి వెడల్పుగా ఉంచాలని అనుకుంటున్నాము. మహబూబ్‌నగర్ అన్నగారూ, రెండు సందేహాలు. గాజు పగిలిపోతుందని, అది కూడా ఎవరూ తాకకుండానే పగిలిందని విన్నాము, అది సాధ్యమేనా? దుకాణంవారు టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరచిన) గాజే ఇచ్చారని, స్టీలు త్వరగా తుప్పు పట్టని 304 రకమేనని మేము ఎలా తెలుసుకోవాలి?

జవాబు (మహబూబ్‌నగర్)

సాధ్యమేనమ్మా, అరుదు గానీ జరుగుతుంది. టఫెన్డ్ గాజును 600 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేసి, గాలితో ఒక్కసారిగా చల్లబరుస్తారు. దానితో పైపొర బిగుసుకొని లోపలి పొరను లాగి పట్టుకుంటుంది, అందుకే మామూలు గాజు కంటే నాలుగైదు రెట్లు బలంగా ఉంటుంది. తయారీలో గాజు లోపల నికెల్ సల్ఫైడ్ అనే పదార్థపు చాలా చిన్న రేణువు మిగిలిపోతే, అది కాలం గడిచేకొద్దీ ఉబ్బి ఆ బిగువును తెంచుతుంది, గాజు మొత్తం ఒక్కసారిగా ముక్కలవుతుంది. దీన్ని చాలావరకు నివారించడానికి ఫ్యాక్టరీలో గాజును మళ్లీ కొన్ని గంటలు వేడిలో ఉంచే హీట్ సోక్ పరీక్ష ఉన్నది. ఆ రేణువు ఉన్న పలకలు అక్కడే పగిలిపోతాయి. ఆర్డరు ఇచ్చేటప్పుడే ఆ పరీక్ష చేయించినది కావాలని అడిగి, బిల్లు మీద రాయించుకోండి.

అయితే నేను చూసినంతలో పగుళ్లకు ఎక్కువ కారణం అంచు దెబ్బతినడమే. బిగించేవారు గాజును నేల మీద నేరుగా ఆనించినా, స్టీలుకు గాజుకు మధ్య రబ్బరు గాని, ప్లాస్టిక్ బిళ్ల గాని పెట్టకుండా బిగించినా, మూలలో కంటికి కనపడని పెచ్చు లేచి అదే తర్వాత పగులుకు దారితీస్తుంది. గాజు దించినప్పుడు నాలుగు అంచుల వెంట కళ్లతో పరిశీలించండి, మూల పెచ్చు లేచి ఉంటే వెనక్కి పంపండి. టఫెన్డ్ గాజు పగిలినా పొడవైన పదునైన పెంకులు రావు, మొద్దు అంచుల చిన్న ముక్కలవుతుంది. అందుకే స్నానాల గదిలో మామూలు గాజు ఎంత చవకైనా వద్దు.

గుర్తుపట్టడానికి ముందు మూలలో చెరగని ముద్ర చూడండి. భవనాలలో వాడే భద్రతా గాజుకు భారత ప్రమాణం ఐఎస్ 2553 మొదటి భాగం, ఆ సంఖ్య, తయారీదారు పేరు ముద్రలో ఉండాలి. స్టిక్కరును నమ్మవద్దు. పోలరైజ్డ్ చలువ అద్దాలు పెట్టుకొని, ఆకాశపు వెలుతురులో గాజును ఏటవాలుగా చూస్తే టఫెన్డ్ గాజులో మచ్చలు గాని, చారలు గాని వరుసగా కనిపిస్తాయి. మామూలు గాజులో అవి ఉండవు. ఒకసారి టఫెన్ చేసిన గాజును కోయలేరు, రంధ్రం వేయలేరు, చేస్తే పగిలిపోతుంది. మీ ఇంటికి వచ్చి అక్కడికక్కడ అంచు కోసి సరిచేశారంటే అది టఫెన్డ్ కాదని అర్థం.

ఇదే కారణం వల్ల కొలతలు టైల్స్ పని పూర్తయిన తర్వాతే తీయించాలి. పాత గోడ పై నుంచి కిందికి నిలువుగా ఉండదు, తూకం గుండు వేలాడదీసి పైన, మధ్యలో, కింద మూడు చోట్ల కొలవాలి. కొద్దిపాటి తేడాను గోడకు బిగించే యూ ఆకారపు పట్టా కప్పివేస్తుంది, అంగుళం తేడా ఉంటే గాజునే ఏటవాలుగా కోయించి ఆ తర్వాత టఫెన్ చేయించాలి.

స్టీలు విషయంలో చాలామంది అయస్కాంతం పెట్టి చూస్తారు. 202 రకం, 304 రకం రెండూ అయస్కాంతానికి అంటుకోవు కాబట్టి ఆ పరీక్షతో వాటి తేడా తెలియదు. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, 202లో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు, తడిలో అది ముందుగా తుప్పు పడుతుంది. స్టీలు దుకాణాల్లో ఒక చుక్క ద్రావణం వేసి రంగు మారడాన్ని బట్టి తేడా చెప్పే చిన్న పరీక్ష సీసా దొరుకుతుంది, బిగించకముందే లోపలి వైపు, కనపడని చోట వేయించి చూడండి. బిల్లులో 304 అని రాయమంటే వెనకాడే దుకాణంలో కొనకండి.

చివరగా సిలికాన్. ఘాటైన పులుపు వాసన వచ్చే రకం కాకుండా న్యూట్రల్ రకం, బూజు పట్టనిది అడగండి. గోడ, నేల పూర్తిగా ఆరిన తర్వాతే పూయించాలి, పూసిన తర్వాత కనీసం ఒక రోజంతా ఆ గదిలో నీళ్లు వాడకూడదు. గోడకు రంధ్రాలు వేసినప్పుడు వాటర్‌ప్రూఫింగ్ పూతకు కూడా రంధ్రం పడుతుంది, కాబట్టి బోల్టు దించే ముందు ప్రతి రంధ్రంలో సిలికాన్ నింపించండి. నేలకు మాత్రం ఒక్క రంధ్రం కూడా వేయనివ్వకండి. కింద పట్టాను గ్రానైట్ పట్టీ మీద సిలికాన్‌తోనే అంటించవచ్చు. మీ పలక 8 మిల్లీమీటర్లలో సుమారు 27 కిలోలే, గోడ పట్టా, పై కడ్డీ సరిగా బిగిస్తే కదలదు.